అగ్గివాడి సంచి ఎంత బరువుండాలి?

చిరంజీవి బుజ్జికీ, వాడి జట్టుకీ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఒక్కొక్కరూ ఒక పాత్రై, పాచికలు వేస్తూ ఆడే మీ కథల ఆట కోసం ‘అగ్గివాళ్లు’ అనే జాతిని కట్టావు. వాళ్లకి నిప్పు అంటదు. ముట్టుకున్నవాడు కాలిపోతాడు. గాల్లో ఎగురుతారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మూడు పాచికల మంట విసురుతారు. ఒంటిమీద నీళ్లు పడితే మాత్రం చచ్చిపోతారు. “ఇంత పెద్ద బలహీనత పెట్టాను కదా, అయినా ఆట నడిపే గేమ్ మాస్టర్ అక్క ఎందుకు ఒప్పుకోవట్లేదు?” అని అడిగావు.

అక్క మాట సబబే. ఎందుకో చెప్పడానికి సిద్ధాంతాలెందుకు, ఒక సంచి చాలు.

పది రోజుల కాలినడక ప్రయాణం అనుకో. అయిదుగురు పిల్లలు, అయిదు సంచులు. ఎవరిష్టమొచ్చిన సామాను వాళ్లు సర్దుకోవచ్చు గానీ అన్ని సంచులూ ఒకే తూకం ఉండాలి. ఒకడు గొడుగు పెట్టుకుంటాడు, అది వాన రోజునే పనికొస్తుంది. ఇంకొకడు టార్చిలైటు పెట్టుకుంటాడు, అది ప్రతి రాత్రీ పనికొస్తుంది. మూడోవాడు సైకిలు తెచ్చాడు. అది సంచిలో పట్టదు సరికదా, అసలు ప్రయాణాన్నే మార్చేస్తుంది. వాడు ముందు వెళ్లిపోతాడు, మిగతా నలుగురూ దుమ్ము తింటారు. నీ అగ్గివాడు గొడుగూ, టార్చీ, సైకిలూ మూడూ తెచ్చుకున్నాడు.

మీరు ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్, 2014 నాటి నియమాలు. లెక్కలు అందులోంచే చెబుతాను. సంచి బరువు ఎనిమిది రాళ్లు అనుకుందాం. ఈ రాళ్ల లెక్క నియమాల్లో ఉన్నది కాదు, నా సొంత కొలత. బలం, తెలివి లాంటి ఒక సామర్థ్యానికి +2, ఇంకోదానికి +1 ఇస్తే మూడు రాళ్లు. చీకట్లో 60 అడుగుల దాకా కనబడితే ఒక రాయి. నిప్పులాంటి, తరచూ తగిలే దెబ్బని సగం చేస్తే రెండు. ఆసిడ్ లాంటి అరుదైన దెబ్బ అయితే ఒకటే. కాంట్రిప్ అనే చిల్లర మంత్రం ఒకటి. రోజుకోసారి వాడే మొదటి స్థాయి మంత్రం ఒకటి, రెండో స్థాయిదైతే రెండు. ఈతా, నీళ్లలో ఊపిరీ కలిపి ఒకటి. ఎగరడం తక్కువలో తక్కువ నాలుగు.

ఈ కొలత సరిగ్గా ఉందో లేదో ఉన్న జాతిమీదే వేసి చూడు. 2015లో ఈ ఎడిషన్‌లోకి జెనాసీ అనే గాలి, నిప్పు, నీళ్లు, మట్టి బాపతు జాతి వచ్చింది. అందులో నిప్పు జెనాసీకి సామర్థ్యాలు మూడు రాళ్లు, చీకటిచూపు ఒకటి, నిప్పుదెబ్బ సగం రెండు, కాంట్రిప్ ఒకటి, పాత్ర మూడో లెవెల్‌కి, అంటే మూడో మెట్టుకి, ఎదిగాక వచ్చే బర్నింగ్ హ్యాండ్స్ అనే మంట చిమ్మే మంత్రం ఒకటి. సరిగ్గా ఎనిమిది. మరి గాలి జెనాసీ? సామర్థ్యాలు మూడు, ఊపిరి ఎంతసేపైనా బిగబట్టడం ఒకటి, రోజుకోసారి గాల్లోకి తేల్చే లెవిటేట్ మంత్రం రెండు. ఆరు దగ్గరే ఆగిపోయింది. 2022లో వాళ్లని తిరగరాసినప్పుడు గాలివాడికి చీకటిచూపూ, పిడుగుదెబ్బ సగమూ, 35 అడుగుల నడకా చేర్చారు. పెద్దవాళ్ల సంచులు కూడా ఒక్కసారికి సరిపడవన్నమాట.

ఇప్పుడు నీ సంచి విప్పుదాం.

ముందు మంట. ఆరు ముఖాల పాచికలు మూడు వేస్తే సగటు పదిన్నర. గోబ్లిన్ అనే చిన్న రాక్షసి ప్రాణం 7 హిట్ పాయింట్లు. నువ్వడిగిన మంట అచ్చం బర్నింగ్ హ్యాండ్సే. మొదటి లెవెల్ విజర్డ్ (మంత్రగాడు) దాన్ని రోజుకి రెండుసార్లు వెయ్యగలడు, మహా అయితే ఒక గంట కూర్చుని పుస్తకం తిరగేసి మూడోసారి. ఆ తర్వాత పది ముఖాల పాచిక ఒక్కటి వేసే ఫైర్ బోల్ట్, సగటు అయిదున్నర, దాంతో సర్దుకోవాలి. నీవాడేమో ప్రతి వంతుకీ అదే వేస్తాడు. విజర్డ్ ఆడుతున్న పిల్ల మొహం ఒక్కసారి ఊహించుకో. లెక్కలేనన్నిసార్లు వాడే దెబ్బ ఏదైనా మొదటి లెవెల్లో ఆ ఒక్క పది ముఖాల పాచికని దాటకూడదు. పెద్ద మంట కావాలంటే రోజుకోసారి, అదీ మూడో లెవెల్లో. ఒక రాయి.

తర్వాత, నిప్పు అస్సలు అంటకపోవడం. యువ రెడ్ డ్రాగన్ నిప్పు ఊదితే 16 పాచికలు, సగటు 56. సగం చేస్తే 28, ఇంకా భయమే. సున్నా చేస్తే అది బల్లిపిల్ల. ఆ డ్రాగన్ కోసం అక్క వారం రోజులు రాసుకున్న కథ నీ ఒక్క వాక్యంతో చల్లారిపోతుంది. కాబట్టి సగమే. రెండు రాళ్లు.

ముట్టుకుంటే కాలడం ఇంకా చిక్కు. నిన్ను కొట్టిన గోబ్లిన్ ప్రతిసారీ ఒక పాచిక, సగటు మూడున్నర దెబ్బ తింటుంది. అంటే నిన్ను రెండుసార్లు కొట్టి అదే చస్తుంది, నువ్వు వేలు కదపనక్కర్లేదు. అంతకన్నా ఇబ్బంది, నీవాడు తాడు పట్టుకుంటే తాడు కాలుతుంది, మ్యాప్ పట్టుకుంటే మ్యాప్ పోతుంది, పడిపోతే ఎవరూ లేవదియ్యలేరు. అందుకని దీన్ని రియాక్షన్‌గా, అంటే ఎదుటివాడు చేసినదానికి అప్పటికప్పుడు ఇచ్చే జవాబుగా, మార్చు. అయిదు అడుగుల లోపలున్నవాడు కొట్టినప్పుడు, ఇష్టమైతే, ఒక పాచిక నిప్పుదెబ్బ తిప్పి కొట్టొచ్చు. ఎన్నిసార్లు? నీ ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే నైపుణ్యపు అంకె) ఎంతో అన్నిసార్లు, పూర్తి విశ్రాంతి దాకా. మొదటి లెవెల్లో రెండు, అయిదులో మూడు, పదిహేడుకి ఆరు. పాత్రతోపాటే పెరుగుతుంది, నువ్వు మళ్లీ నియమం రాయనక్కర్లేదు. ఒక రాయి.

ఎగరడం తీసెయ్. కోపం తెచ్చుకోకు. మొదటి లెవెల్లో గోతులూ, గోడలూ, వాగులూ కథ సగాన్ని మోస్తాయి. ఎగిరేవాడికి అవేవీ లేవు. పైగా ఇక్కడే నా సంచి పోలిక చిరుగుతోంది. సంచిలో రెండు వస్తువులు పక్కపక్కన పెడితే వాటి బరువు మారదు. ఆటలో మారుతుంది. ఎగరడం నాలుగు రాళ్లు, పొడుగు విల్లు ఎవరైనా కొనుక్కునేదే. రెండూ కలిస్తే 150 అడుగుల ఎత్తునుంచి బాణాలేసేవాణ్ణి కింద కత్తులు పట్టుకున్నవాళ్లు తలెత్తి చూడడం తప్ప ఏం చెయ్యలేరు. కాబట్టి ప్రతి శక్తినీ విడిగా తూచాక, పన్నెండు క్లాసులతో, అంటే విజర్డ్ లాంటి వృత్తులతో, ఒక్కొక్కటే జతపెట్టి మళ్లీ తూచాలి. విసుగ్గా ఉంటుంది. తప్పదు. మరీ ఎగరాలనుంటే గాలివాళ్లకి ఇంకో జాతి కట్టి, అయిదో లెవెల్ నుంచి ఇవ్వు. విజర్డ్‌కి ఎగిరే ఫ్లై మంత్రం అందేదీ అప్పుడే.

ఇక నీ పెద్ద బలహీనత. అది బలహీనత కాదు బుజ్జీ, లాటరీ. అక్క వాన కురిపిస్తే నీ ఆట ముగిసింది. నీమీద జాలిపడి కురిపించకపోతే నువ్వు ఖర్చేమీ పెట్టలేదు. “చలిదెబ్బ రెట్టింపు” అని మార్చినా అదే గొడవ. యువ వైట్ డ్రాగన్ చలి ఊదితే సగటున 45. ఆరో లెవెల్ విజర్డ్, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) 14 ఉన్నవాడు, ప్రాణం సుమారు 38. మామూలుగా అయితే పడిపోతాడు, స్నేహితులు లేపుతారు. రెట్టింపైతే 90. సున్నాకి వచ్చాక మిగిలిన దెబ్బ 52, అది వాడి పూర్తి ప్రాణం కంటే ఎక్కువ. నియమం ప్రకారం అక్కడికక్కడే చావు. మంచి బలహీనత చిన్నదై ఉండాలి, తరచూ తగలాలి, ఆడేవాడికి ఏం చెయ్యాలో ఆలోచించుకునే వీలుండాలి. ఇలా రాయి: “ఒళ్లంతా తడిస్తే నిప్పు శక్తులు పనిచెయ్యవు, ఒక యాక్షన్ (తన వంతులో చేసే పని) ఖర్చుపెట్టి ఆరబెట్టుకోవచ్చు.”

అగ్గివాడి ఒంటికి వెలుగునివ్వడం మర్చిపోయావు! కాగడాలాగే 20 అడుగులు బాగా, ఇంకో 20 అడుగులు మసకగా. తడిస్తే తప్ప ఆరదు. అంటే దాక్కోలేడు కూడా. లాభమూ నష్టమూ ఒక్క దానిలోనే ఉన్నాయి, రాయి అక్కర్లేదు. ఇలాంటివి ఎక్కువ వెతుకు. నిప్పు అనగానే దెబ్బలే తడతాయి మనకి. 16వ శతాబ్దంలో పారాసెల్సస్ అనే వైద్యుడు నిప్పులో సాలమాండర్లు, గాలిలో సిల్ఫులు, నీళ్లలో అన్‌డీన్లు, మట్టిలో గ్నోమ్‌లు అనే జీవులు ఉంటారని రాశాడు. మనం గాలిలో మసలినంత సుళువుగా గ్నోమ్‌లు మట్టిలో మసలుతారట. ఆయన ఆలోచించింది పోట్లాట గురించి కాదు, కాపురం గురించి.

కూడి చూడు: సామర్థ్యాలు మూడు, నిప్పు సగం రెండు, తిరుగుదెబ్బ ఒకటి, మూడో లెవెల్ మంట ఒకటి. ఏడు. (2024 నియమాలకి మారితే సామర్థ్యాల పెంపు జాతిలోంచి బ్యాక్‌గ్రౌండ్‌లోకి, అంటే పాత్ర పూర్వకథలోకి, వెళ్లిపోయింది, ఆ మూడు రాళ్లూ తీసేసి అయిదు రాళ్ల సంచి కట్టుకో.)

అక్కకి చూపించేముందు ఒక పరీక్ష. నలుగురు మొదటి లెవెల్ పాత్రలు, నాలుగు గోబ్లిన్లు. ఒకసారి అగ్గివాడితో, ఇంకోసారి అదే క్లాసు మామూలు మనిషితో ఆడండి. పాచికల అదృష్టం ఉంటుంది కాబట్టి రెండూ మూడేసిసార్లు. ఎన్ని రౌండ్లు పట్టాయో, ఎవరికి చెయ్యడానికేమీ మిగల్లేదో కాగితం మీద రాయండి. గెలుపు కన్నా ఆ రెండోదే ముఖ్యం. పక్కవాడి వంతు తినేసే జాతి ఎంత అందంగా ఉన్నా మంచిది కాదు. అలాగే కత్తి తియ్యని సన్నివేశం ఒకటి, రాజుగారి కొలువో, దొంగ జాడ వెతకడమో ఆడి, అక్కడ అగ్గివాడు ఊరికే కూర్చుంటున్నాడేమో చూడండి. తర్వాత అయిదో లెవెల్లోనూ, పదకొండులోనూ.

ఎనిమిదో రాయి కావాలనే వదిలాను. అదేమిటో నేను చెప్పను. రాత్రి ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక కొవ్వొత్తి వెలిగించు. అయిదు నిమిషాలు దాన్నే చూడు. వత్తి పక్కన మంట నల్లగా ఉంటుంది, అడుగున నీలం, పైన పసుపు. గాలి లేదనుకున్న గదిలో కూడా అది దేనికో ఊగుతుంది. ఒక చల్లటి చెంచా పసుపు భాగంలో పెట్టమని పెద్దవాళ్లకి చెప్పు, నల్లటి మసి అంటుకుంటుంది. గాజు గ్లాసు బోర్లిస్తే మెల్లగా కుంగి ఆరిపోతుంది, సన్నటి పొగ దారం లేస్తుంది. వీటిలో నిన్ను ఆపేసింది ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ఒక్క వాక్యంలో నియమంగా రాసి, ఆ రాయి చోట పెట్టి, నాకు పంపించు.

ఇట్లు,
మీ తాతయ్య