చెరువుల పటాలు కొత్త వెర్షన్‌లో ఎందుకు తెరుచుకోవు: పోస్ట్‌జీఐఎస్, క్యూజీఐఎస్ పొసగని సమస్యకు నేపథ్యం

వరంగల్ చుట్టుపక్కల చెరువుల హద్దులనూ ఆయకట్టునూ క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో గీసి, పోస్ట్‌జీఐఎస్ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పటాలను దాచుకోనిచ్చే అనుబంధం) డేటాబేస్‌లో భద్రపరిచే విద్యార్థులకూ ఇంజినీర్లకూ తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. సర్వర్ మార్చాకనో, కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ వేశాకనో, అంతవరకు సజావుగా తెరుచుకున్న లేయర్ (పటంలోని ఒక పొర) ఖాళీగా వస్తుంది; లేదా పాకాల చెరువు ఉండవలసిన చోట ఉండదు. డేటా పాడైపోయిందనుకొని మొదటి నుంచి మళ్లీ గీయడానికి సిద్ధపడేవారున్నారు. ఆ తొందర తగదు. చాలాసార్లు డేటా పదిలంగానే ఉంటుంది, దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ల వెర్షన్లే ఒకదానితో ఒకటి పొసగవు.

ఈ సాఫ్ట్‌వేర్లు ఒకే చోట పుట్టినవి కావు. కెనడాలోని రిఫ్రాక్షన్స్ రీసెర్చ్ అనే సంస్థ 2001లో పోస్ట్‌జీఐఎస్‌ను విడుదల చేసింది. అందులోని డేటాను తెరపై చూసుకోవడానికి గ్యారీ షెర్మన్ 2002లో మొదలుపెట్టిన పనే తరువాత క్యూజీఐఎస్ అయింది. ఈ రెండూ ఆధారపడే, నిర్దేశాంకాలను ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు మార్చే ప్రోజ్ అనే లైబ్రరీ (ఇతర సాఫ్ట్‌వేర్లు వాడుకునే కోడ్) మూలాలు 1980లలో అమెరికా భూగర్భ సర్వే సంస్థలో జెరాల్డ్ ఎవెండెన్ చేసిన కృషిలో ఉన్నాయి. ఎవరి విడుదలల క్రమం వారిది కాబట్టి, ఒకచోట జరిగిన మార్పు మిగతా చోట్లకు ఆలస్యంగా చేరుతుంది.

మొదటి పెద్ద తెగతెంపు 2012లో పోస్ట్‌జీఐఎస్ 2.0తో వచ్చింది. ఎస్‌టీ అనే ఉపసర్గ లేని పాత ఫంక్షన్ పేర్లను అప్పుడు తొలగించారు. ఏ పట్టికలో ఏ ఆకృతులున్నాయో చెప్పే జామెట్రీ కాలమ్స్ అనే పట్టిక అంతవరకు చేత్తో నింపుకునేది కాగా, దానంతట అదే నిండే వ్యూగా మారింది. అందుకే పోస్ట్‌జీఐఎస్ 1.5 కాలం నాటి బ్యాకప్‌ను కొత్త సర్వర్‌లో నేరుగా రిస్టోర్ చేస్తే వరుసగా ఎర్రర్లు వస్తాయి. దాన్ని పోస్ట్‌జీఐఎస్‌తో పాటే వచ్చే రిస్టోర్ స్క్రిప్టు ద్వారా ఎక్కించాలి. లైబ్రరీ ఫైలు పేరులోనే వెర్షన్ సంఖ్య పూర్తిగా ఉండటం మరో చిక్కు తెచ్చింది: పాత డేటాబేస్ 2.1 ఫైలు కోసం వెతుకుతుంది, కొత్త సర్వర్‌లో 2.5 ఫైలు మాత్రమే ఉంటుంది. 2019లో వచ్చిన 3.0 నుంచి పేరులో మొదటి అంకెను మాత్రమే ఉంచడంతో ఈ బాధ చాలావరకు తగ్గింది.

అదే 2019లో ప్రోజ్ 6తో పాటు, పటాల ఫైళ్లను చదివే జీడాల్ అనే లైబ్రరీ 3వ వెర్షన్ కూడా విడుదలైంది. నేటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అంతకుముందు ఆచారంగా రేఖాంశం ముందు, అక్షాంశం తరువాత రాసేవారు. అక్షాంశ రేఖాంశాల వ్యవస్థకు ఉన్న సంకేత సంఖ్య ఈపీఎస్‌జీ 4326 అధికారిక నిర్వచనంలో అక్షాంశమే ముందుంటుంది, కొత్త లైబ్రరీలు ఆ నిర్వచనాన్ని పాటించడం మొదలుపెట్టాయి; పోస్ట్‌జీఐఎస్ మాత్రం రేఖాంశాన్నే ముందు ఉంచి దాస్తుంది. వరంగల్ సుమారు 17.97 ఉత్తర అక్షాంశం, 79.6 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండూ తారుమారైతే ఆ బిందువు ఆర్కిటిక్ సముద్రంలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర పడుతుంది. లేయర్ ఖాళీగా ఉందని నిర్ణయించే ముందు జూమ్ టు లేయర్ నొక్కి, అది ఎక్కడికి వెళ్తుందో చూడటం అందుకే అవసరం.

ప్రోజ్ 6 నుంచి నిర్దేశాంక వ్యవస్థల సమాచారమంతా ప్రోజ్.డీబీ అనే ఒకే ఫైలులోకి చేరింది. ఒకే కంప్యూటర్‌లో పోస్ట్‌గ్రెస్, క్యూజీఐఎస్ రెండూ ఉండి, ప్రోజ్_లిబ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే కంప్యూటర్ అమరిక) పోస్ట్‌గ్రెస్ ఫోల్డర్ వైపు చూపిస్తుంటే, క్యూజీఐఎస్ తనది కాని పాత ఫైలును చదివి, తెలిసిన వ్యవస్థలను కూడా గుర్తించదు. ఆ వేరియబుల్‌ను తీసివేసి క్యూజీఐఎస్‌ను మళ్లీ తెరిస్తే చాలు, డేటాబేస్‌ను ముట్టుకోనవసరం లేదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలూ ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు (స్థలాకృతి పటాలు) ఎవరెస్ట్ డేటమ్‌పై, అంటే స్థానాలను కొలిచే ఒక పాత ఆధారంపై తయారయ్యాయి. వాటి నుంచి గీసిన హద్దులకు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని పేరు పెట్టేస్తే, చెరువు కట్ట వంద మీటర్లకు మించి పక్కకు జరుగుతుంది. పోస్ట్‌జీఐఎస్‌లో ఎస్‌టీ_సెట్‌ఎస్‌ఆర్‌ఐడీ అనే ఫంక్షన్ వ్యవస్థ పేరును మాత్రమే మారుస్తుంది, అంకెలను మార్చేది ఎస్‌టీ_ట్రాన్స్‌ఫార్మ్. ఈ తేడా తెలియక చేసిన సవరణ తప్పును రెట్టింపు చేస్తుంది. భూమిని నిలువు పట్టీలుగా విభజించి మీటర్లలో కొలిచే యూటీఎం వ్యవస్థలో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ 44వ జోన్‌లో ఉండగా, కామారెడ్డి జిల్లా పడమటి కొసన ఉన్న మద్నూర్, జుక్కల్ 78 డిగ్రీల రేఖాంశానికి అవతల 43వ జోన్‌లో పడతాయి. ఉత్తర తెలంగాణ మొత్తాన్ని ఒకే పట్టికలో కలిపేవారు దీన్ని ముందే చూసుకోవాలి.

పటాల డేటాను పంచుకునే పాత ఫైలు రకమైన షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకు 10 బైట్లే చోటు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి కనుక, చెరువు అనే చిన్న మాటకే 18 బైట్లు కావాలి, ఆ పేరు మధ్యలో తెగిపోతుంది. 2014లో ప్రమాణంగా వచ్చిన జియోప్యాకేజ్ అనే ఫైలు రకంలో ఈ పరిమితి లేదు. తెలుగు పేర్లున్న డేటాను దానిలోనే పంచుకోవాలని గట్టిగా సూచిస్తాను.

సమస్య వచ్చినప్పుడు ముందుగా సర్వర్‌లో పోస్ట్‌జీఐఎస్_ఫుల్_వెర్షన్ అనే ఫంక్షన్‌ను నడపాలి. పోస్ట్‌జీఐఎస్, జియోస్ (ఆకృతుల లెక్కలు చేసే లైబ్రరీ), ప్రోజ్ వెర్షన్లతో పాటు ప్రొసీజర్లకు అప్‌గ్రేడ్ అవసరమా అన్నదీ అది చెబుతుంది. ఆ ఫలితాన్ని క్యూజీఐఎస్ అబౌట్ పేజీలోని సంఖ్యలతో పోల్చాలి. పోస్ట్‌గ్రెస్‌ను మార్చవలసివస్తే, కొత్త సర్వర్‌లో దొరికే పోస్ట్‌జీఐఎస్ వెర్షన్‌కే పాత సర్వర్‌ను ముందు తెచ్చి, ఆ తరువాతే డేటాబేస్‌ను తరలించాలి.