‘డెట్రాయిట్’ సినిమా చూసినవాళ్ల కోపం వెనుక ఉన్న ఊరి కథ

అమెరికాలో కార్ల ఊరు డెట్రాయిట్‌లో 1967లో జరిగిన గొడవల మీద కాథరిన్ బిగెలో 2017లో తీసిన ‘డెట్రాయిట్’ సినిమా గురించి ఎవరిని కదిపినా, మొదట అందులోని ఆల్జియర్స్ మోటెల్ (రోడ్డు పక్క లాడ్జి) మాటే ఎత్తుతారు. కుర్రాళ్లను గోడకు మొహం పెట్టి నిలబెట్టి, తుపాకీ ఎక్కడుందో చెప్పమని పోలీసులు కొడుతూనే ఉంటారు. ఆ సీన్ ఎంతకీ అవదు. నేనైతే మధ్యలో ఆపేసి, కాసేపు అటూ ఇటూ తిరిగి, మళ్లీ మొదలుపెట్టాను. ఇంత హింస అవసరమా అని కొందరు, ఇంతకన్నా తక్కువ చూపిస్తే అబద్ధమయ్యేదని కొందరు అన్నారు. నల్లజాతి ప్రేక్షకులు, విమర్శకులు చాలామంది అడిగిన ప్రశ్నలు మాత్రం వేరు. మా బాధను తెల్ల దర్శకురాలు, తెల్ల రచయిత ఎందుకు చెబుతున్నారు, మా ఆడవాళ్లు ఏరి, అసలు ఆ ఊరికి అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పరేం అని.

నాకు బలంగా అనిపించింది ఆ చివరి ప్రశ్నే. సినిమా మొదట్లో నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ బొమ్మల ఆధారంగా చేసిన చిన్న యానిమేషన్ ఒకటుంది. అమెరికా దక్షిణాది నుంచి నల్లవాళ్లు వలస రావడం, ఇరుకు పేటల్లో సర్దుకోవడం, తెల్లవాళ్లు శివార్లకు వెళ్లిపోవడం, అన్నీ అందులోనే చకచకా వెళ్లిపోతాయి. అసలు కథంతా అక్కడే ఉంది.

1914లో ఫోర్డ్ కంపెనీ రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించింది. పత్తి చేలల్లో అప్పుల్లో మునిగిన కుటుంబాలకు ఆ మాట చాలు, రైలెక్కడానికి. 1910లో డెట్రాయిట్‌లో నల్లవాళ్లు ఆరు వేల దాకా ఉండేవారు, 1950కి మూడు లక్షలు దాటారు. పని దొరికింది కానీ ఇల్లు దొరకలేదు. 1925లో ఒసియన్ స్వీట్ అనే నల్లజాతి డాక్టరు తెల్లవాళ్ల వీధిలో ఇల్లు కొనుక్కుంటే వందలమంది గుంపు వచ్చి రాళ్లు వేసింది, లోపలి నుంచి కాల్పులు జరిగి ఒకతను చనిపోతే డాక్టరు కుటుంబం మీదే హత్య కేసు పెట్టారు. చివరికి గెలిచారు గానీ, నల్లవాళ్లకు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునే పద్ధతి అలాగే సాగింది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. ఆ తీర్పులో డెట్రాయిట్ కుటుంబం కేసు కూడా ఒకటి.

ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఇప్పటికీ ఒక గోడ ఉంది. ఎత్తు ఆరడుగులు, పొడవు అర మైలు, ఇళ్ల పెరళ్ల వెనకాల నుంచి పోతుంది. 1941లో ఒక బిల్డరు కట్టించాడు. నల్లవాళ్ల పేట పక్కనే ఉందని అతని వెంచర్‌కు ప్రభుత్వ గ్యారంటీ ఉన్న అప్పులు రాలేదు, మధ్యలో గోడ లేపాక వచ్చాయి. ఇప్పుడు దాని మీద కాలనీవాళ్లు పిల్లల బొమ్మలు, ఇళ్ల బొమ్మలు రంగుల్లో వేసుకున్నారు.

1943 జూన్‌లో ఊళ్లో పెద్ద గొడవలయ్యాయి. 34 మంది చనిపోయారు, అందులో 25 మంది నల్లవాళ్లు, ఆ 25 మందిలో 17 మందిని చంపింది పోలీసులే. తర్వాత ఊరి బాగు పేరుతో నల్లవాళ్లు ఉండే బ్లాక్ బాటమ్ పేటను, నల్లవాళ్ల దుకాణాలు, క్లబ్బులు ఉండే హేస్టింగ్స్ వీధిని పడగొట్టి వాటి మీదుగా ఫ్రీవే వేశారు. అక్కడి జనం పోయి పోయి 12వ వీధి చుట్టూ చేరారు. ఒక్కో ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చేవాళ్లు. ఆ వీధుల్లో ‘బిగ్ ఫోర్’ అని నలుగురేసి పోలీసుల కార్లు తిరిగేవి, ఎవరిని పడితే వాళ్లను ఆపి తిట్టేవారు, కొట్టేవారు. ఆ పోలీసుల్లో వందకు 90 మందికి పైగా తెల్లవాళ్లే.

ఇదంతా తెలిశాక 1967 జులై 23 తెల్లవారుజామున ఒక బాటిల్ విసిరితే ఊరెందుకు అంటుకుందో వేరే చెప్పక్కర్లేదు. 12వ వీధిలో ఒక ప్రింటింగ్ ప్రెస్ పైన లైసెన్సు లేని మందు క్లబ్బు ఉండేది. ఆ రాత్రి వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాళ్ల కోసం పార్టీ. పోలీసులు రెయిడ్ చేసి 80 మందికి పైగా అరెస్టు చేశారు, వాళ్లను తీసుకెళ్లడానికి వ్యాన్లు ఒక్కొక్కటే వచ్చేలోపు జనం పోగయ్యారు, బాటిల్ పడింది ఆ గుంపులోంచే. అయిదు రోజుల్లో 43 మంది చనిపోయారు. 33 మంది నల్లవాళ్లు. ఏడు వేల మందికి పైగా అరెస్టయ్యారు, చివరికి ఆర్మీ పారాట్రూపర్లు దిగారు. దీన్ని ‘అల్లర్లు’ అనాలా ‘తిరుగుబాటు’ అనాలా అని ఆ ఊళ్లో ఇప్పటికీ వాదించుకుంటారు. సినిమా మీద వచ్చిన చర్చలో కూడా సగం గొడవ ఆ పేరు దగ్గరే. తిరుగుబాటు అన్నవాళ్ల వైపే నేను.

మోటెల్ సంగతి 25వ తేదీ అర్ధరాత్రి దాటాక జరిగింది. ఆల్జియర్స్ మోటెల్ నుంచి ఎవరో కాలుస్తున్నారని కబురు వెళ్లింది. పరుగు పందెంలో పేల్చే ఉత్తుత్తి పిస్టల్ చప్పుడది అని లోపలున్నవాళ్లు తర్వాత చెప్పారు. వెతికితే తుపాకీ ఏదీ దొరకలేదు. కార్ల్ కూపర్‌కు 17 ఏళ్లు, ఫ్రెడ్ టెంపుల్‌కు 18, ఆబ్రీ పొలార్డ్‌కు 19. తెల్లారేసరికి ముగ్గురూ శవాలయ్యారు. మిగతా తొమ్మిది మంది దెబ్బలతో బయటపడ్డారు, వాళ్లలో ఇద్దరు తెల్ల అమ్మాయిలు.

కోర్టు భాగాన్ని సినిమా తొందరగా ముగించేసిందని చాలామంది అన్నారు, నేనూ ఒప్పుకుంటాను. పొలార్డ్‌ను కాల్చానని ఒప్పుకుని, ఆత్మరక్షణ కోసం అన్న పోలీసు మీద హత్య కేసును డెట్రాయిట్‌లో కాకుండా మేసన్ అనే చిన్న ఊరికి మార్చారు. 1969లో జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. ఫస్ట్ డిగ్రీ హత్య (ముందే అనుకుని చేసిన హత్య) అనండి, లేదా నిర్దోషి అనండి, మధ్యలో చిన్న నేరం ఏదీ లేదు అని జడ్జి వాళ్లకు చెప్పాడు. నిర్దోషి అన్నారు. మరుసటి ఏడాది ఫ్లింట్‌లో నడిచిన ఫెడరల్ కేసులోనూ (కేంద్ర ప్రభుత్వం పెట్టిన కేసు) అంతే. కూపర్‌ను చంపినందుకు అసలు ఎవరి మీదా కేసే పెట్టలేదు.

మన తెలుగువాళ్లకు డెట్రాయిట్ అంటే నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ లాంటి శివార్లు, 2015లోనూ 2025లోనూ అక్కడ జరిగిన తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు. మనవాళ్లు అమెరికా రావడానికి దారి తెరిచిన 1965 నాటి కొత్త వలస చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది 1968 జులైలో, అంటే ఊరు కాలిన ఏడాదికి. ఆ చట్టం వచ్చింది నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం నడుస్తున్న రోజుల్లోనే. మన ఇంజనీర్లు కార్ల కంపెనీల్లో చేరి శివార్లలో ఇళ్లు కొనుక్కున్నారు. ఆ శివార్లు ఎవరిని బయట పెట్టి పెరిగాయో మన పిల్లలకు చెప్పాలనిపిస్తుంది నాకు.

సినిమా ప్రీమియర్‌ను 50 ఏళ్ల సందర్భంగా 2017 జులై 25న డెట్రాయిట్‌లోని ఫాక్స్ థియేటర్‌లోనే వేశారు. 1967లో గొడవలు మొదలైన రోజు గాయని మార్తా రీవ్స్ స్టేజి మీద నుంచి జనాన్ని ఇళ్లకు వెళ్లిపొమ్మని చెప్పిన థియేటర్ అది. తర్వాత దేశమంతా విడుదలైతే పెట్టిన డబ్బులు కూడా థియేటర్ల నుంచి తిరిగి రాలేదు.

ఆడవాళ్లు ఏరి అన్న ప్రశ్నకు వస్తాను. 1967 ఆగస్టు 30న, కోర్టుల మీద నమ్మకం లేక, ఊళ్లో నల్లవాళ్లు ఆల్బర్ట్ క్లీగ్ పాస్టరుగా ఉన్న చర్చిలో ఆ మోటెల్ హత్యల మీద తామే ఒక ప్రజా విచారణ పెట్టారు. వేలమంది వచ్చారు. లోపల ఆ ఏడాది ఈస్టర్‌కే ఆవిష్కరించిన నల్ల మేరీమాత పెద్ద చిత్రం ఉంది. బతికి బయటపడ్డవాళ్లు సాక్ష్యం చెప్పారు, జ్యూరీ పోలీసులు దోషులే అంది. ఆ జ్యూరీలో రోజా పార్క్స్ ఉన్నారు. మాంట్‌గోమరీ బస్సులో తెల్లవాడి కోసం సీటు వదలనన్న రోజా పార్క్సే. 1957 నుంచి ఆవిడది డెట్రాయిటే, 12వ వీధికి 1976లో పెట్టింది ఆవిడ పేరే. ఈ విచారణ సినిమాలో లేదు.