ఆక్షన్ కారు కొనే ముందు: అపోహలు, వాస్తవాలు

ఆంధ్రా సరిహద్దుకి ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో పాత కార్లు కొని అమ్మడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చే బళ్ళలో ఎక్కువ భాగం డీలర్లకు మాత్రమే జరిపే వేలంలో పాడుకున్నవే. పాతపట్నం నుంచి, గుణుపురం నుంచి, బరంపురం నుంచి వచ్చేవాళ్ళు ఈ వేలం గురించి ఎవరో చెప్పిన మాట పట్టుకుని లక్షలు పెట్టేస్తుంటే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆక్షన్‌లో దొరికేవన్నీ యాక్సిడెంట్ బళ్ళే.

కాదు. అక్కడికి ముఖ్యంగా మూడు దారుల్లో బళ్ళు వస్తాయి. వాయిదాలు కట్టకపోతే ఫైనాన్స్ వాళ్ళు సీజ్ చేసినవి, కొత్త కారు కొంటూ షోరూంకి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చినవి, టోటల్ లాస్ (బాగుచేయించడం గిట్టనంత నష్టం) కింద క్లెయిమ్ ఇచ్చేశాక ఇన్సూరెన్స్ కంపెనీలు అమ్మేసేవి. ఎక్స్ఛేంజ్ బండికి సర్వీసు రికార్డు దొరికే అవకాశం ఎక్కువ. సీజ్ బండి నెలల తరబడి యార్డులో ఎండకీ వానకీ నిలబడి ఉంటుంది. బ్యాటరీ, టైర్లు మార్చుకోవాల్సి రావచ్చు గానీ ఇంజను బాగానే ఉండొచ్చు. అసలు జాగ్రత్త పడాల్సింది మూడో రకంతోనే. అందుకని డీలర్ని "ఇది ఆక్షన్ బండా?" అని అడిగితే సరిపోదు. బ్యాంకుదా, ఎక్స్ఛేంజా, ఇన్సూరెన్సుదా అని అడగండి. వేలం వాళ్ళిచ్చిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చూపించమనండి. చూపించకపోతే ఆ బండి వదిలేయండి.

అపోహ: నీళ్ళలో మునిగిన బండి చూడగానే తెలిసిపోతుంది.

నాకు అన్నింటికంటే భయం దీనితోనే. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ వరదల్లో మునిగిన కార్లు ఎన్నో. అలాంటి బళ్ళు బాగుపడి, కడిగించుకుని, వేరే రాష్ట్రంలో అమ్మకానికి నిలబడగలవు. ఆ మధ్య ఒక యార్డులో తెల్ల హ్యాచ్‌బ్యాక్ చూశాను. లోపల కొత్త సీటు కవర్లు, షాంపూ వాసన. డ్రైవర్ సీటు బెల్టు మొత్తం బయటికి లాగాను. చివరి జానెడు మేర బురద రంగు చార కనిపించింది. సీటు వెనక్కి జరిపి టార్చి వేస్తే, సీటు జరిగే పట్టాలు బిగించిన బోల్టుల నిండా తుప్పు. స్టెప్నీ కింద గుంటలో వేలితో గీస్తే మెత్తటి ఒండ్రు. ఆ బండికి నేను పాట పాడలేదు. ఇలాంటి కారు మొదటి నెల బాగానే తిరుగుతుంది. తర్వాత వైరింగు, సెన్సర్లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి.

మన తీరంలో ఇంకో తిరకాసు ఉంది. గోపాలపురం, ఛత్రపురం వైపు తిరిగిన బళ్ళకి ఉప్పుగాలి వల్ల తుప్పు మామూలే. కానీ అది అడుగు భాగంలో, తలుపుల అంచుల్లో మొదలవుతుంది. సీటు కింద, డాష్‌బోర్డు వెనక తుప్పు ఉంటే మాత్రం నీళ్ళు లోపలికి వచ్చాయా అని అనుమానించాల్సిందే.

అపోహ: బ్యాంకే అమ్మింది కాబట్టి కాగితాలకి ఢోకా లేదు.

ఒకసారి నేనూ అలాగే నమ్మి, ఫోటోలు చూసి సీజ్ బండి పాడుకున్నాను. డబ్బు కట్టిన మూడో రోజే బండి చేతికొచ్చింది. ఫైనాన్స్ సంస్థ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా ఆ బండికి నాకు అడ్వాన్సు ఇచ్చిన మాస్టారికి రోజూ సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి ఆయన అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశాను. బండి బ్యాంకు యార్డులో ఉన్నా ఆర్సీ పాత ఓనరు పేరు మీదే ఉండొచ్చు. ఆర్సీలో లోను నమోదు తొలగించడానికి ఫారం 35 కావాలి. అప్పు తీసుకున్నవాడు ఆర్సీ ఇవ్వకపోతే, ఫైనాన్స్ వాళ్ళు ఫారం 36తో తమ పేరు మీద కొత్త ఆర్సీ తీసుకోవచ్చు. వీటితోపాటు పాత చలాన్లు కూడా రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

అపోహ: సరిహద్దులో ఉన్నాం కదా, ఆంధ్రా నంబరైనా ఫర్వాలేదు.

పొద్దున్న పాతపట్నంలో పని, సాయంత్రం పర్లాకిమిడిలో ఇల్లు. మనకి అది ఒకే ఊరు లాంటిది. చట్టానికి మాత్రం రెండు రాష్ట్రాలు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ రోడ్డు ట్యాక్స్ కట్టాలి. ఏపీ 30 నంబరు కారు చవగ్గా కనిపించినా ఈ ఖర్చు కలుపుకున్నాకే ధర పోల్చండి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లోగా అడగాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు.

అపోహ: డీలర్‌ని వేలం ఐడీ అడిగి తీసుకుని మనమే పాడుకుంటే కమీషన్ మిగులుతుంది.

ఆ పని చేయకండి. డిపాజిట్ డీలర్‌ది, రసీదు డీలర్ పేరున. పాటలో నెగ్గి వెనక్కి తగ్గితే డిపాజిట్ పోతుంది. బండి ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి, తర్వాత గేరుబాక్సు పోయినా అడగడానికి ఎవరూ ఉండరు. పాట ధర మీద వేలం ఫీజు, లారీ రవాణా, రిపేర్లు ఎలాగూ పడతాయి. జీఎస్టీ 18 శాతం కారు మొత్తం ధర మీద అనుకుంటారు గానీ, అది రిజిస్టర్డ్ డీలర్ లాభం మీదే. 3 లక్షలకు కొని 3 లక్షల 40 వేలకు అమ్మితే, 40 వేల మీద 7,200.

అపోహ: పాత బండి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాక మనకి సంబంధం లేదు.

ఆర్సీలో మీ పేరున్నంత కాలం ఉంది. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్న ఓనరే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, పాత బళ్ళ వ్యాపారానికి ఆర్టీవో ఇచ్చే ఆథరైజేషన్ ఉన్న డీలర్‌కి బండి ఇస్తున్నప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ సంగతి ఆర్టీవోకి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అప్పటి నుంచి ఆ బండికి బాధ్యత డీలర్‌దే. తాళాలు ఇచ్చే ముందు, డీలర్‌కి ఆ ఆథరైజేషన్ ఉందో లేదో అడిగి, 29సీ నమోదైనట్టు కాగితం చేతికి తీసుకోండి.