వెక్టర్ ఫైల్ బరువెక్కిందా? ముందే సింప్లిఫై జోలికి వెళ్లకండి

ఆకు ఆకుకీ ఈనెలు, వెంట్రుక వెంట్రుకకీ ఒక గీత. రోజుల తరబడి కూర్చుని గీసిన వెక్టర్ బొమ్మ (పిక్సెళ్లుగా కాక గీతల లెక్కలుగా దాచే బొమ్మ) అప్‌లోడ్ చేయబోతే ఫైల్ 40 ఎంబీ అని సైట్ తిప్పికొడుతుంది. కంగారు సహజమే. ఆ కంగారులో ఎవరిని అడిగినా దొరికే సలహా ఒక్కటే: "అంతా సెలెక్ట్ చేసి సింప్లిఫై కొట్టెయ్". సింప్లిఫై అంటే గీతల్లోని నోడ్‌లని, అంటే గీత ఆకారాన్ని పట్టి ఉంచే బిందువుల్ని, తగ్గించే ఆదేశం. అలా కొట్టేసి, సేవ్ కూడా చేసేసి, బొమ్మలో కళ్లూ వేళ్లూ వంకర్లు పోయాక సరిచేయమని తెచ్చే ఫైళ్లు మాకు వస్తూనే ఉంటాయి. అందుకే అన్నిటికన్నా ముందు దీని సంగతే.

అపోహ: నోడ్‌లు ఎక్కువైనందుకే ఫైల్ పెద్దదైంది. సింప్లిఫై చేస్తే సరిపోతుంది.

లెక్క వేసి చూడండి. వెక్టర్ బొమ్మల్ని దాచే ఎస్‌వీజీ అంటే ఉత్త టెక్స్ట్ ఫైల్. ఒక వంపు గీతకి ఆరు సంఖ్యలు కావాలి: వంపుని తిప్పే రెండు హ్యాండిళ్లవి నాలుగు, చివరి బిందువువి రెండు. ఒక్కో సంఖ్య 123.456789 లాగా ఉంటే, పక్కన ఖాళీతో కలిపి 11 బైట్లు. అంటే ఒక వంపుకి 66 బైట్లు. ఇరవై వేల వంపులున్న బొమ్మకి కూడా 1.3 ఎంబీ చాలు. మరి మీ ఫైల్ 40 ఎంబీ ఎందుకుంది? బరువు గీతల్లో లేదు, ఇంకెక్కడో దాక్కుని ఉంది. దాన్ని వదిలేసి గీతల్ని చెక్కితే బొమ్మ పాడవుతుంది తప్ప సైజు పెద్దగా దిగదు.

నోడ్‌లు ఎన్నున్నాయో ముందు తెలుసుకోండి. మీరు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ అయితే, మొత్తం సెలెక్ట్ చేసి నోడ్ టూల్ పట్టుకుంటే కింద స్టేటస్ బార్‌లో సంఖ్య కనిపిస్తుంది. ఇల్లస్ట్రేటర్ అయితే డాక్యుమెంట్ ఇన్ఫో ప్యానెల్ చూడండి. ఆ సంఖ్యని 66తో గుణించి ఫైల్ సైజుతో పోల్చండి. రెండిటికీ పొంతన లేకపోతే వెతకాల్సిన చోట్లు ఇవీ.

మొదటిది, లోపల ఇరుక్కున్న ఫోటోలు. ఎస్‌వీజీని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి "data:image" అన్న మాటని వెతకండి. దాని వెనక అర్థం లేని అక్షరాలు పేజీలకొద్దీ ఉంటే అది ఎంబెడ్ అయిన బొమ్మే. టెక్స్ట్‌గా మార్చి పెట్టడంలో ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి, కాబట్టి 9 ఎంబీ ఫోటో 12 ఎంబీ అవుతుంది. చాలాసార్లు అది చూసి గీయడానికి అడుగున పెట్టుకున్న ఫోటోయే. లేయర్ దాచారు, తీసేయలేదు. దాచిన లేయర్ కూడా ఫైల్‌లో ఉన్నట్టే. క్లిప్పింగ్ మాస్క్ (బొమ్మలో కొంత భాగమే కనిపించేలా చేసే ఆకారం) అవతల కనిపించకుండా పోయిన గీతలూ అంతే. ఇక గ్రేడియంట్ మెష్ (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారే వల), కొన్ని నీడ ఎఫెక్ట్‌లు ఇల్లస్ట్రేటర్ నుంచి ఎస్‌వీజీకి వెళ్లేటప్పుడు పిక్సెల్ బొమ్మలుగా మారిపోతాయి. డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్స్‌లో 300 ఉన్న చోట 72 పెడితే ఆ పిక్సెళ్లు సుమారు 17వ వంతుకు పడిపోతాయి. నీడ తీరు కాస్త మారొచ్చు, కాబట్టి ఒకసారి కళ్లారా చూసుకోండి.

రెండోది, ఎడిటింగ్ డేటా. ఇల్లస్ట్రేటర్ నుంచి పీడీఎఫ్‌గానో ఎస్‌వీజీగానో సేవ్ చేసేటప్పుడు "ప్రిజర్వ్ ఇల్లస్ట్రేటర్ ఎడిటింగ్ కేపబిలిటీస్" దగ్గర టిక్ ఉంటే, మీ అసలు డాక్యుమెంట్ అంతా రెండో కాపీగా ఆ ఫైల్‌లోకి వచ్చి కూర్చుంటుంది. పంచుకునే కాపీలో ఆ టిక్ తీసేయండి. అసలు ఇల్లస్ట్రేటర్ ఫైల్ (.ai) మీ దగ్గర విడిగా ఉండాలి, అది మాత్రం మరవద్దు. ఇంక్‌స్కేప్ వాడేవాళ్లు "క్లీన్ అప్ డాక్యుమెంట్" నడిపి, "ప్లెయిన్ ఎస్‌వీజీ" లేదా "ఆప్టిమైజ్డ్ ఎస్‌వీజీ"గా సేవ్ చేయాలి.

ఇవన్నీ అయ్యాక కూడా నోడ్‌లే బరువని తేలితే అప్పుడు సింప్లిఫై. అదీ కాపీ మీద, ఒక్కో పాత్‌కి (ఒక్కో గీతకి) విడివిడిగా. ఇంక్‌స్కేప్‌లో ఎంత సరళం చేయాలన్నది మీరు సెలెక్ట్ చేసినదాని మొత్తం సైజు మీద ఆధారపడుతుంది. పెద్ద కొండతో పాటు చిన్న కన్నుని కూడా సెలెక్ట్ చేస్తే, కొండకి తగిన కత్తిరింపు కంటికీ పడుతుంది. సింప్లిఫై షార్ట్‌కట్ కంట్రోల్ ఎల్ వెంటవెంటనే నొక్కితే ప్రతిసారీ ఇంకా గట్టిగా కోస్తుంది. ఆటో ట్రేస్‌తో వచ్చిన గరుకు అంచులు, దూరపు నేపథ్యం సింప్లిఫైకి బాగా పనికొస్తాయి. ముఖాలు, అక్షరాలు ముట్టుకోకండి.

అపోహ: దశాంశాలు తగ్గిస్తే బొమ్మ చెడుతుంది.

భయపడాల్సిన సింప్లిఫైకి భయపడరు, దీనికి భయపడతారు! దశాంశం తర్వాత ఆరు అంకెల నుంచి రెండుకి దిగితే వంపుకి 66 బైట్లు కాస్తా 42 అవుతాయి. ఒక్క నోడ్ కూడా పోదు. చూసుకోవాల్సింది వ్యూబాక్స్, అంటే బొమ్మ సొంత కొలతల చట్రం, ఒక్కటే. అది 1000 యూనిట్ల వెడల్పుంటే ఒక్క దశాంశం చాలు. 1000 పిక్సెళ్లలో చూపినప్పుడు ఒక్కో సంఖ్యలో తేడా 0.05 పిక్సెల్ దాటదు. అదే 24 యూనిట్ల ఐకాన్‌ని 1200 పిక్సెళ్లకి పెంచి చూపితే ఆ 0.05 కాస్తా 2.5 పిక్సెళ్లవుతుంది, అంచులు చెదురుతాయి. అలాంటివాటికి మూడు దశాంశాలు ఉంచండి. ఎస్‌వీజీల సైజు తగ్గించే ఎస్‌వీజీఓఎంజీ వెబ్‌సైట్‌లో ప్రెసిషన్ స్లైడర్ జరుపుతూ, జూమ్ చేసి చూస్తూ ఆపాల్సిన చోట ఆపొచ్చు. అక్కడే "రిమూవ్ వ్యూబాక్స్" ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. వ్యూబాక్స్ పోతే బొమ్మ పేజీకి తగ్గట్టు సాగదు, సగం తెగి కనిపిస్తుంది.

అపోహ: ఆర్ట్‌బోర్డ్ (బొమ్మ గీసే పేజీ) చిన్నది చేస్తే ఫైల్ చిన్నదవుతుంది.

కాదు. నాణెమంత వృత్తానికీ గోడంత వృత్తానికీ రాసే సంఖ్యలు అన్నే.

అపోహ: జిప్ చేస్తే ఏ ఫైల్ అయినా తగ్గుతుంది.

ఎస్‌వీజీ టెక్స్ట్ కాబట్టి బాగా తగ్గుతుంది. పీడీఎఫ్ మామూలుగా లోపలే కంప్రెస్ అయి ఉంటుంది, జిప్‌తో ఒరిగేదేమీ ఉండదు. ఎస్‌వీజీజెడ్‌ని (జీజిప్ పద్ధతిలో కుదించిన ఎస్‌వీజీని) వెబ్‌సైట్‌లో పెడితే, అది జీజిప్ అయి ఉందని సర్వర్ హెడర్‌లో చెప్పాలి. లేకపోతే బ్రౌజర్‌లో బొమ్మ రాదు.

అపోహ: ఆన్‌లైన్ పీడీఎఫ్ కంప్రెసర్ చాలు.

ప్రధానంగా అవి తగ్గించేది ఫోటోల్ని. కొన్నయితే పేజీ మొత్తాన్ని పిక్సెల్ బొమ్మగా మార్చి "తగ్గించాం" అంటాయి. దించుకున్న ఫైల్‌ని బాగా జూమ్ చేయండి, అంచులు మెట్లుమెట్లుగా ఉంటే మీ వెక్టర్ పోయినట్టే.

అపోహ: వెక్టర్‌గానే పంచకపోతే నాణ్యత పోతుంది.

తెర మీద చూడటానికే అయితే వెక్టర్ అక్కర్లేదు. ఎస్‌వీజీ అందుకున్నవాళ్లు అందులోంచి ఏ ముక్కనైనా ఎత్తి వాడుకోగలరు. ఆ బెంగ ఉన్నవాళ్లకి పీఎన్‌జీయే మేలు. చూపించే వెడల్పుకి రెట్టింపు పిక్సెళ్లతో ఎక్స్‌పోర్ట్ చేయండి. చదును రంగులు, గీతలే ఉంటే 256 రంగుల పీఎన్‌జీ చాలా తేలిక. గ్రేడియంట్లు ఉంటే అందులో చారలు కడతాయి, కాబట్టి 24 బిట్ పీఎన్‌జీ గానీ వెబ్‌పీ గానీ వాడండి. సన్నగీతల బొమ్మకి జేపెగ్ వద్దు. అంచుల చుట్టూ మసక చేరుతుంది, ఎర్ర గీతలైతే మరీ అలుక్కుపోతాయి.

అపోహ: ఫైల్ చిన్నదైతే వేగంగా తెరుచుకుంటుంది.

డౌన్‌లోడ్ వేగం వేరు, గీయడం వేరు. పెద్ద విస్తీర్ణం మీద బ్లర్ ఫిల్టర్, ఒకదాని మీద ఒకటి వేల పారదర్శక పొరలు ఉంటే 200 కేబీ ఎస్‌వీజీ కూడా ఫోన్‌లో ఆగి ఆగి కదులుతుంది. పంపే ముందు మామూలు ఫోన్‌లో తెరిచి వేళ్లతో జూమ్ చేయండి. తడబడితే ముందు బ్లర్లు తీసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే కదలని నేపథ్యాన్ని మాత్రం వెబ్‌పీగా మార్చి కింద పెట్టి, ముందున్న గీతల్ని వెక్టర్‌గానే ఉంచండి.