జీబీలు చూసి కార్డు కొనకండి: గ్రాఫిక్స్ కార్డులపై అపోహలు - వాస్తవాలు

"ఎన్ని జీబీనా ఈ కార్డు?"

నెల్లూరులో కౌంటర్ ముందు నిలబడిన ఇంటర్ కుర్రాడైనా, కందుకూరు నుంచి ఫోన్ చేసిన తండ్రైనా మొదట అడిగేది ఇదే. చిప్పు ఏదని అడిగేవాళ్ళు చాలా తక్కువ. మన దగ్గర గేమింగ్ పీసీల మీద వృథా అయ్యే డబ్బులో పెద్ద వాటా ఈ ప్రశ్న దగ్గరే పోతోంది. అందుకే ముందు దీన్ని తేల్చుకుందాం.

అపోహ: జీబీ ఎక్కువైతే కార్డు వేగం ఎక్కువ.

వాస్తవం: కాదు. గ్రాఫిక్స్ చిప్పు రైస్ మిల్లు లాంటిది, జీబీల్లో చెప్పే మెమరీ దాని గోదాము. మెమరీ బస్ అంటే గోదాము నుంచి మిల్లుకు ఉన్న దారి, దాని వెడల్పును బిట్లలో చెబుతారు. మిల్లు చిన్నది, దారి ఇరుకుది అయినప్పుడు గోదాము ఎంత పెద్దగా కడితే మాత్రం బియ్యం ఎక్కువ వస్తాయా?

ఆన్‌లైన్‌లో "గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్" అని అమ్మే సెట్లలో తరచూ కనిపించే కార్డు జీటీ 730. అది 2014 నాటిది. అందులో 64 బిట్ బస్, డీడీఆర్3 అనే పాత మెమరీ ఉన్న రకానికి మెమరీ వేగం సెకనుకు దాదాపు 14 జీబీ. ఆర్‌ఎక్స్ 6600 లో అది 224 జీబీ. పేరులో 4 జీబీ ఉన్నంత మాత్రాన ఆ పాత చిప్పు కొత్త గేములను లాగలేదు. నెలల తరబడి కూడబెట్టిన డబ్బుతో ఇది కొనుక్కుని, గేమ్ తెరుచుకోక ఏడుపు ముఖంతో వచ్చే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. జీటీ 1030 లోనూ ఇదే మోసం ఉంది. జీడీడీఆర్5 రకం వేగం 48 జీబీ, డీడీఆర్4 రకం వేగం 17 జీబీ లోపే. రెండింటికీ పేరు మాత్రం ఒకటే.

మధ్య తరగతి కార్డుల్లోనూ అంతే. ఆర్‌టీఎక్స్ 3060 కి 12 జీబీ, 3060 టీఐ కి 8 జీబీ. అయినా వేగమైనది టీఐ. దానికి 4,864 కోర్లు (చిప్పులో లెక్కలు చేసే భాగాలు), 256 బిట్ బస్. 12 జీబీ కార్డుకు 3,584 కోర్లు, 192 బిట్. 3060 లోనే 8 జీబీ రకం ఇంకొకటి వచ్చింది, దాని బస్ 128 బిట్‌కు తగ్గిపోయింది. అదే పేరు, అదే సైజు డబ్బా. అందుకే టీఐ, ఎక్స్‌టీ అనే తోకలతో సహా పూర్తి పేరు చూసుకోవాలి. ఆ తర్వాత మెమరీ రకం, తర్వాత బస్. జీబీ చిట్టచివర.

అలాగని జీబీకి విలువే లేదనుకోకండి. గోదాము నిండితే సరుకు పక్క ఊరి నుంచి తెచ్చుకోవాలి. కార్డు మెమరీ చాలనప్పుడు గేమ్ పీసీఐఈ (కార్డును మదర్‌బోర్డుతో కలిపే స్లాటు) దారి గుండా మామూలు ర్యామ్‌ను వాడుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4060 సొంత మెమరీ వేగం సెకనుకు 272 జీబీ. అదే కార్డును పీసీఐఈ 3.0 ఉన్న పాత మదర్‌బోర్డులో పెడితే, ఆ కార్డు వాడేది ఎనిమిది లేన్లే (దారిలోని వరసలు) కాబట్టి ఆ దారి వేగం సెకనుకు దాదాపు 8 జీబీకి పడిపోతుంది. సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తూ, మలుపు తిరిగినప్పుడల్లా గేమ్ ఆగి ఆగి కదిలేది ఇందుకే. విండోస్ టాస్క్ మేనేజర్‌లో షేర్డ్ జీపీయూ మెమరీ పెరుగుతూ పోతుంటే టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు దించండి, చాలావరకు సర్దుకుంటుంది. ఒకే చిప్పు 8, 16 జీబీ రెండు రకాల్లోనూ దొరికితే (5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ అలాంటివే) చేతిలో డబ్బు ఉన్నంతలో 16 తీసుకోండి. 1440పీ మానిటర్ ఉంటే 12 కి తగ్గొద్దు.

అపోహ: చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి సెకండ్ హ్యాండ్ తెచ్చుకుంటే సగం ధరకు అదే కార్డు.

వాస్తవం: అదే కార్డు అయితే మంచిదే. ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2048ఎస్‌పీ రకం తిరుగుతోంది. అసలు 580 లో 2,304 షేడర్లు (ఏఎండీ కార్డుల్లో కోర్లను ఇలా అంటారు) ఉంటాయి, ఇందులో ఉన్నవి 570 కి ఉన్నన్నే. పాత చిప్పుకు బయోస్ (కార్డు తన పేరు చెప్పుకునే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ గా అంటగట్టే నకిలీలూ ఉన్నాయి. డబ్బు ఇవ్వకముందే కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి పేరు, షేడర్లు, బస్ సరిచూడండి. నకిలీని అదే పట్టి చూపిస్తుంది. తర్వాత కార్డుపై పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్‌ను ఇరవై నిమిషాలు నడపండి. తెర మీద చుక్కలు, గీతలు వస్తే వదిలేయండి. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో వాడిన కార్డు చచ్చినట్టే అన్నది వట్టి పుకారు. ముందు పాడయ్యేవి ఫ్యాన్లు, వేడిని బయటికి పంపే థర్మల్ ప్యాడ్లు. రెండూ మార్చుకోవచ్చు.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) మీద 450 వాట్లు అని ఉంటే చాలు.

వాస్తవం: చూడాల్సింది దాని లేబుల్‌పై 12 వోల్టుల వరుస. అక్కడ 16 ఆంపియర్లే రాసి ఉంటే, 12 తో గుణిస్తే వచ్చేది 192 వాట్లు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేవి చాలా వరకు ఈ బాపతే. స్లాటు 75 వాట్లు ఇస్తుంది, ఎనిమిది పిన్నుల కేబుల్ 150. 4060 కి 115 వాట్లు చాలు కాబట్టి మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ధారాళంగా సరిపోతుంది. ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ 263 లాగుతుంది, దానికి ఏఎండీ చెప్పేది 700. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల కేబుల్) నుంచి ఎనిమిది పిన్నులకు మార్చే కన్వర్టర్ మాత్రం పెట్టొద్దు, కరిగే ప్రమాదం ఉంది. క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందని కార్డును అనుమానించకండి. సాకెట్‌కు ఎర్తింగ్ లేకపోతేనే ఎక్కువగా అలా అవుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి.

అపోహ: మన ఎండలకు కార్డు కాలిపోతుంది.

వాస్తవం: కాలిపోదు, వేగం తగ్గించుకుంటుంది. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు వేడీ సుమారు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో 72 చూపించిన కార్డు రోహిణి కార్తెలో 84 చూపిస్తే కంగారు పడాల్సిన పనిలేదు. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించండి. ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, వేడి బాగా తగ్గుతుంది. చీమకుర్తి వైపు రాతి పొడి ఎక్కువ, అక్కడివాళ్ళు నెలకోసారి ఫిల్టర్ దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది.

కొత్త కార్డు పెట్టినా గేమ్ మునుపటిలాగే నడుస్తోందని బెంబేలెత్తి, తిరిగి ప్యాక్ చేసి తెచ్చేవాళ్ళూ ఉన్నారు. బస్సెక్కే ముందు పీసీ వెనక వైపు ఒకసారి చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్ ఇంకా మదర్‌బోర్డుకే ఉంటే తీసి కార్డుకు పెట్టండి. 144 హెర్ట్జ్ మానిటర్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి, 60 దగ్గర ఉన్నదాన్ని 144 కి మార్చండి.