ఆగకుండా పేలే బాంబు

హిరోషిమాకు 31 ఏళ్ల ముందే, 1914లో, ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ ‘ది వరల్డ్ సెట్ ఫ్రీ’ నవలలో నగరాల మీద అణుబాంబులు వేయించాడు. విమానంలోంచి చేత్తో జారవిడిచే ఆ బాంబుల్లో ‘కారొలినం’ అనే కల్పిత మూలకం ఉంటుంది. దాని అర్ధజీవిత కాలం 17 రోజులు. అంటే 17 రోజుల్లో సగం శక్తి బయటికొస్తుంది, తర్వాతి 17 రోజుల్లో మిగిలినదాంట్లో సగం. ఒక్కసారి పేలి ఊరుకోదు. నేలను కరిగిస్తూ పేలుతూనే ఉంటుంది.

దాని బలమెంతో లెక్క కట్టవచ్చు. వెల్స్‌కు ఆధారం రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ రేడియం అనే రేడియోధార్మిక మూలకం మీద రాసిన పుస్తకం. రేడియం పరమాణువు ఒక ఆల్ఫా కణాన్ని వదిలితే సుమారు 50 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది. కారొలినం కూడా అంతే ఇస్తుందనుకుందాం. అప్పుడు కిలో కారొలినంలో ఉన్నది దాదాపు 500 టన్నుల టీఎన్‌టీ (పేలుడు పదార్థం) శక్తి. గుండె జారే అంకే. కానీ అది వచ్చే వేగం చూడండి: మొదటిరోజు సుమారు ఒక మెగావాట్. టీఎన్‌టీలో చెప్పాలంటే సెకనుకు పావుకిలో!

కిలో ఎండుకట్టెలు పూర్తిగా కాలితే కిలో టీఎన్‌టీ కంటే మూడు నాలుగు రెట్ల శక్తి వస్తుంది. అయినా కట్టెలతో అన్నం వండుకుంటాం, టీఎన్‌టీతో కొండలు పగలగొడతాం. అందుకే కల్పిత ఆయుధాలకు ఇన్ని మెగాటన్నులని అంకె వేస్తే నాకు సరిపోదు. ఎంతసేపట్లో అన్నదీ తేలాలి.

కారొలినంకు దగ్గరి చుట్టం నిజంగానే ఉంది. పొలోనియం-210 అర్ధజీవిత కాలం 138 రోజులు, గ్రాముకు 140 వాట్ల వేడి. సోవియట్ లునోఖోద్ బండి చంద్రుడి మీద రాత్రి చలికి పాడవకుండా వెచ్చగా ఉంచింది అదే.

అసలు బాంబుకు శృంఖల చర్య కావాలి, అంటే ఒక పరమాణువు చీలితే ఆ దెబ్బకు మరికొన్ని చీలుతూ పోవాలి. దానికి న్యూట్రాన్ అనే కణం కావాలి. న్యూట్రాన్ దొరికింది 1932లో. ఆ ఏడాదే వెల్స్ నవల చదివిన భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్‌కు, మరుసటేడు లండన్‌లో శృంఖల చర్య ఆలోచన తట్టింది. హిరోషిమా బాంబులోని 64 కిలోల యురేనియంలో విచ్ఛిత్తి చెందింది, అంటే చీలింది, కిలో కంటే తక్కువే. కానీ దాదాపు 15 కిలోటన్నుల శక్తి సెకనులో పదిలక్షో వంతులో బయటపడింది.

అలాగని వెల్స్ ఊహ వృథా పోలేదు. నా దృష్టిలో ఆయన బాంబు పోలిక హిరోషిమాతో కాదు, చెర్నోబిల్‌తో. 1986లో అక్కడి అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలి, శృంఖల చర్య ఆగాక కూడా విచ్ఛిత్తి శకలాల రేడియోధార్మికత వేడి పుట్టిస్తూనే ఉంది. కరిగిన ఇంధనం ఉక్కునూ కాంక్రీటునూ కలుపుకుని కింది గదుల్లోకి పారింది. ఆ శకలాల్లో అయొడిన్-131 అర్ధజీవిత కాలం 8 రోజులే. కొన్ని నెలల్లో అది కనుమరుగైంది. సీజియం-137ది 30 ఏళ్లు. చుట్టుపక్కల నేలలో ఇంకా ప్రధానంగా ఉన్నది అదే.