పిల్లలు ఏదైనా మింగితే కక్కించకండి: అపోహలు - వాస్తవాలు

పిల్లల ఎమర్జెన్సీలో పనిచేసే మాకు తరచూ వినిపించే మాట ఒకటుంది: "తాగిన వెంటనే ఉప్పునీళ్లు పట్టించి కక్కించేశామండీ, ఇంకేం భయం లేదు కదా?" అసలు భయం అక్కడే మొదలవుతుంది.

అపోహ: విషం లోపలికెళ్తే ముందు కక్కించాలి.

ఇలా నమ్మినందుకు తల్లిదండ్రుల్ని నేనేమీ అనను, ఎందుకంటే శతాబ్దాలపాటు ఆ మాట చెప్పింది వైద్యులే. 17వ శతాబ్దపు యూరప్‌లో యాంటిమొనీ అనే లోహంతో చేసిన గిన్నెలో రాత్రంతా వైన్ పోసి ఉంచి, పొద్దున్నే తాగించి వాంతి చేయించేవారు. వాంతికోసం మైలుతుత్తం కూడా పట్టించారు, అదే విషమని తేలాక మానేశారు. అమెరికాలో 1965 నుంచి వాంతి చేయించే ఇపికాక్ సిరప్‌ను డాక్టర్ చీటీ లేకుండా అమ్మనిచ్చారు, పిల్లలున్న ఇంట్లో ఓ సీసా ఉంచుకోమన్నారు. దానివల్ల పిల్లలకు మేలు జరుగుతోందన్న ఆధారం దొరకలేదు. చివరికి 2003లో అక్కడి పిల్లల వైద్యుల సంఘమే ఇంట్లో ఉన్న సీసాలు కూడా పారేయమంది. అక్కడ మానేసి ఇన్నేళ్లయినా మన ఫోన్లలో మాత్రం "ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు" మెసేజ్‌లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, చూస్తే ఒళ్లు మండుతుంది.

వాస్తవం: కిరోసిన్, పెట్రోల్, థిన్నర్, టర్పెంటైన్, దోమల మెషీన్‌లో పెట్టే లిక్విడ్ లాంటివి కడుపులో ఉన్నంతవరకు చేసే హాని తక్కువే. అవి నీళ్లకంటే పలచగా పాకుతాయి. కక్కించేటప్పుడు పొలమారి ఒక మిల్లీలీటరు కూడా లేనంత ఊపిరితిత్తుల్లోకి జారినా చాలు, న్యుమోనియా వస్తుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ అయితే దిగేటప్పుడు ఒకసారి, పైకొచ్చేటప్పుడు మరోసారి గొంతును కాలుస్తుంది. ఇక ఉప్పు సంగతి: ఒక టేబుల్‌స్పూన్‌లో 17, 18 గ్రాములుంటుంది. రెండేళ్ల బిడ్డ కక్కకుండా దాన్ని లోపలే ఉంచుకుంటే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు.

ఒకసారి ఓ అమ్మమ్మగారు మనవణ్ని చంకనేసుకుని పరుగున వచ్చారు. ఇంటికి రంగులేసేవాళ్లు కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన థిన్నర్‌ను వాడు రెండు గుక్కలు తాగాడట. తాగినప్పుడు దగ్గు లేదు, పక్కింటివాళ్లు గొంతులో వేలు పెట్టి కక్కించాక మొదలైంది. మా దగ్గరికొచ్చేసరికి డొక్కలు ఎగరేస్తున్నాడు. కొన్నాళ్లు ఆక్సిజన్ మీద ఉండి కోలుకున్నాడు. ఆవిడ మాత్రం "నేనే చంపుకునేదాన్ని" అంటూ ఏడుస్తూనే ఉన్నారు. తప్పు మీది కాదమ్మా, సీసాది, ఆ సలహాది అని ఎన్నిసార్లు చెప్పానో.

అపోహ: ఆసుపత్రిలో కడుపు కడగకపోతే వైద్యం చేయనట్టే.

దీనిమీద రోజూ గొడవలే. ట్యూబు వేసి కడగడం ఫిలడెల్ఫియాలో ఫిజిక్ అనే సర్జన్ 1812లోనే చేశాడు, కాబట్టి అదేమీ కొత్త విద్య కాదు. కానీ 1997లో అమెరికా, యూరప్ విషవైద్య నిపుణులు కలిసి తేల్చింది ఏమిటంటే, అందరికీ అలవాటుగా చేయకూడదు, ప్రాణాపాయమైన మోతాదు మింగి గంటలోపు వస్తేనే ఆలోచించాలి అని. కిరోసిన్‌కు కడిగితే మళ్లీ అదే పొలమారే ప్రమాదం. మేము ఎక్స్‌రే తీసి, ఆరు గంటలు దగ్గర పెట్టుకుని చూస్తున్నామంటే ఊరికే కూర్చోబెట్టామని కాదు.

అపోహ: దేవుడి దగ్గరి కర్పూరమే కదా.

కర్పూరం చిన్నపిల్లలకు నిమిషాల్లో ఫిట్స్ తెప్పించగలదు. అందుకే 1983లో అమెరికాలో మందుల్లో కర్పూరాన్ని 11 శాతం దాటనివ్వలేదు. దీనికీ కక్కించకూడదు, ఫిట్స్ మధ్యలో వాంతైతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే.

మిగతావి గబగబా. పాలు అన్నిటికీ విరుగుడు కాదు. యాసిడ్‌కు నిమ్మరసం, సోడా లాంటివేవీ పట్టించకండి. పగిలిన థర్మామీటర్‌లోని పాదరసం బిడ్డ మింగితే సాధారణంగా అలాగే బయటికొచ్చేస్తుంది, దాని ఆవిరి పీల్చడమే చెడ్డది, కాబట్టి చీపురుతో ఊడ్చకండి.

చేయాల్సింది: నోట్లో మిగిలింది తుడిచేయండి, తడిసిన బట్టలు మార్చండి, దానంతటదే వాంతైతే ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, రాత్రైనా పలుకుతారు. వచ్చేటప్పుడు ఆ సీసా తీసుకురండి, ఖాళీదైనా, లేబుల్ చిరిగినా సరే.